వరద పట్టుకుపోయిన ఎనిమిది వారాల కూరగాయలు: డబ్బు వెనక్కి ఇవ్వాలా?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక విషయం వరకే ఇక్కడ చెబుతున్నాను. ఆమె వయసు 41 ఏళ్ళు. ప్రైవేటు ఉద్యోగం మానేసి, భర్తతో కలిసి, కృష్ణ ఒడ్డున గుంటూరు జిల్లా వైపు లంకలో, అంటే నది ఒండ్రు మేట వేసిన నేలలో, రెండెకరాలు కౌలుకు తీసుకుని, రసాయనాలు వాడకుండా కూరగాయలు పండిస్తున్నారు. పంటను మార్కెట్‌కు వేయకుండా, నగరంలో 46 కుటుంబాలను ముందే సభ్యులుగా చేర్చుకున్నారు. 2024 జూన్‌లో ఒక్కో కుటుంబం 12,000 రూపాయలు కట్టింది. జూలై 20 నుంచి 2025 ఫిబ్రవరి 8 వరకు 30 శనివారాలు సంచి నిండా కూరగాయలు ఇంటికి పంపాలన్నది మాట. అంటే సంచికి 400 రూపాయలు.

మొదటి ఆరు వారాలు బెండ, బీర, సొర, గోరుచిక్కుడు, ఆకుకూరలతో సంచులు నిండుగా వెళ్ళాయి. ఆగస్టు 31న కుండపోత మొదలైంది. సెప్టెంబరు 2 నాటికి ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు వదిలే నీరు పెరిగిపోయి, 11 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక మునిగింది, చేను మొత్తం పోయింది. ఎనిమిది శనివారాలు సంచి వెళ్ళలేదు. తరువాత ఐదు వారాలు తోటకూర, గోంగూర, పాలకూర, ముల్లంగి తప్ప మరేమీ లేవు. మళ్ళీ వేసిన బెండను పల్లాకు తెగులు తినేసింది. నవంబరు చివరి నుంచి వంకాయ, టమాటా, చిక్కుడు అందివచ్చాయి. జనవరిలో అవి ఎంత ఎక్కువయ్యాయంటే, "మళ్ళీ రెండు కిలోల వంకాయలా?" అని వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టేవారు తయారయ్యారు.

ఇప్పుడు 9 కుటుంబాలు ఆ ఎనిమిది వారాల డబ్బు వెనక్కి ఇమ్మంటున్నాయి. 14 కుటుంబాలు అక్కరలేదని చెప్పాయి. మిగిలిన 23 కుటుంబాలు ఏమీ అనలేదు. బుడమేరు వాగు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చిన 11 కుటుంబాలలో ఒక్కరూ డబ్బు అడగలేదట. అడుగుతున్న వారిలో ముందున్నది ఆమె పెద్దమ్మ కూతురు. తన అపార్ట్‌మెంటులో 15 కుటుంబాలను చేర్పించింది ఆ అక్కే. సంచులు ఆగిపోయిన రోజుల్లో, రైతు బజారులో కొని నింపి పంపేద్దామని, ఎవరికీ చెప్పనవసరం లేదని భర్త అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "నీ నియమాల వల్లే ఇంత దూరం వచ్చింది" అన్న మాట నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఫిబ్రవరి 8 వరకు ఖర్చులన్నీ పోగా చేతిలో మిగిలేది 60,000 రూపాయలు. అందరికీ వెనక్కి ఇవ్వాలంటే బంగారం తాకట్టు పెట్టాలి. పొలం యజమాని ఉగాది నుంచి కౌలు పెంచుతానంటున్నారు. "నేను వీళ్ళకు బాకీ ఉన్నానా? వచ్చే ఏడాది మళ్ళీ చేయాలా, మానేయాలా? గ్రూపులో కొత్త సందేశం వస్తే చాలు, గుండె దడదడలాడుతోంది" అని ఆమె ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. సభ్యులకు బాకీ ఉన్నానా అన్నది ఒకటి. వచ్చే ఏడాది సంగతి రెండోది. ఇంట్లో మాట పోయిందన్నది మూడోది. మూడింటినీ ఒకే రాత్రి తేల్చుకోవాలని చూస్తున్నందువల్లే మీకు నిద్ర పట్టడం లేదని నాకనిపిస్తోంది. బాకీ సంగతి ముందు తేల్చండి. అది తేలాక మిగిలిన రెండూ ఇప్పటికంటే చిన్నవిగా కనిపిస్తాయి.

మీరు జూన్‌లో సభ్యులకు పంపిన ప్రకటనను ఉత్తరంతో జతచేశారు. అందులో "ప్రతి వారం సంచి నిండా తాజా కూరగాయలు" అని మొదటి వాక్యంలో, "ప్రకృతి సహకరించినంత మేరకు" అని చివరి వాక్యంలో ఉంది. గొడవ మొత్తం ఈ రెండు వాక్యాల మధ్యనే ఉంది. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో భూమిని మక్తాకూ ఇస్తారు, సగపాలుకూ ఇస్తారు. మక్తాకు ఇచ్చిన ఆసామి పంట పండినా పండకపోయినా అనుకున్నది అడుగుతాడు, అడిగే హక్కు అతనికి ఉంది. సగపాలుకు ఇచ్చిన ఆసామి వరద వచ్చిన ఏడు గట్టు మీద నిలబడి చేను చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోతాడు. మీరు సగపాలు అనుకుని డబ్బు తీసుకున్నారు. సభ్యుల్లో చాలామంది మక్తా అనుకుని డబ్బు ఇచ్చారు. మీ అక్క తన అపార్ట్‌మెంటులో ఏం చెప్పిందో మీరే రాశారు: "వారం వారం ఇంటికే వస్తాయి, బజారు కంటే చవక." ఆ 15 కుటుంబాలకు మీ ప్రకటనలోని చివరి వాక్యం అసలు చేరనే లేదు. కనుక అడుగుతున్నవారు అన్యాయం చేస్తున్నారని నేను అనలేను, మీరు మోసం చేశారని అంతకంటే అనలేను.

ఇలా ముందు డబ్బు కట్టి పొలంలో వాటా తీసుకునే పద్ధతి మనకు కొత్త గాని, లోకానికి కొత్త కాదు. జపాన్‌లో 1970ల నుంచి ఉంది, అమెరికాలో 1986లో మొదలైంది. జపాన్‌లోని సేంద్రియ వ్యవసాయ సంఘం 1978లోనే ఇందుకు పది సూత్రాలు రాసుకుంది. రైతు పండించి పంపినదంతా తినేవారు స్వీకరించాలన్నది వాటిలో ఒకటి. పదిమంది కలిసి చేసే పనిలో కష్టం వచ్చినప్పుడు మంచితనం ఒక్కటే సరిపోదని వారికి ముందే తెలుసు. మీ పొలానికి అలాంటి కాగితం లేదు. ఈ సీజన్‌కు అది ఇక రాయలేము కనుక, లేనిదాన్ని ఉన్నట్టు చూపి ఎవరినీ ఒప్పించడానికి ప్రయత్నించకండి.

సభ్యుల అసంతృప్తిలో పైకి చెప్పని భాగం ఇంకొకటి ఉంది, దాన్ని మీరు గుర్తించాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ముఖ్యంగా వరద తరువాత, బజారులో కూరగాయల ధర మండిపోయింది. అప్పుడు మీ సంచి రాలేదు. జనవరిలో వంకాయ, టమాటా, చిక్కుడు ఎక్కడ చూసినా చవకే. అప్పుడు మీ సంచి పొంగిపొర్లింది. వారి చేతి లెక్కలో మీరు కరువులో లేరు, పుష్కలంగా దొరికే రోజుల్లో ఉన్నారు. పొలం వైపు నుంచి చూస్తే అది అలాగే జరుగుతుంది. నీరు తీసి, మేట ఆరి, అదను వచ్చేసరికి సెప్టెంబరు చివరి వారం. అప్పుడు చల్లిన తోటకూర కోతకు రావడానికి నాలుగు వారాలు పడుతుంది. నర్సరీ నుంచి తెచ్చి నాటిన వంగ, టమాటా రెండు నెలలకు గాని కాపు పట్టవు. చిక్కుడు పొద్దు తగ్గితే గాని పూత పట్టదు. అందుకే అన్నీ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. ఈ వరుస మీకు కంఠతా వచ్చు. కాని సింగ్‌నగర్‌లోనో మొగల్రాజపురంలోనో ఉన్న మీ సభ్యులకు ఎవరూ చెప్పలేదు. వరద తరువాత ఎనిమిది వారాల్లో మీరు గ్రూపులో పెట్టిన సందేశాలు మూడేనని మీరే రాశారు. సిగ్గుతో మాట్లాడలేకపోయారని నాకు అర్థమైంది. అయితే అవతలివారికి కనిపించేది మౌనం ఒక్కటే.

ఇక మీ ముందున్న దారులు.

అడిగిన తొమ్మిది కుటుంబాలకు మాత్రం గుట్టుగా ఇచ్చేసి ముగించడం అన్నిటికంటే తేలికగా కనిపించే దారి. తొమ్మిది కుటుంబాలకు 3,200 చొప్పున 28,800 రూపాయలు, చేతిలో ఉన్నదానితోనే సరిపోతుంది. ఈ దారి వద్దని నేను గట్టిగా చెబుతాను. ఒకే అపార్ట్‌మెంటులో ఉన్నవారి మధ్య ఇలాంటి సంగతి వారం కూడా దాగదు. అడిగినవారికి ఇచ్చి, మొహమాటపడి ఊరుకున్నవారికి ఎగ్గొట్టినట్టు అవుతుంది. అడగనివారందరూ ఉదారులని, అడిగినవారందరూ లోభులని మీ మనసులో ఇప్పటికే ఒక జాబితా తయారైందేమో చూసుకోండి. ఇల్లు మునిగిన 11 కుటుంబాలు అడగకపోవడానికి కారణం మీ మీద దయే కావచ్చు, లేదా బురద కడుక్కునే పనిలో 3,200 రూపాయల సంగతి గుర్తుకు రాకపోయి ఉండవచ్చు. నిజానికి వారికే ఆ డబ్బు ఎక్కువ అవసరం.

రెండో దారి, 46 కుటుంబాలకూ ఎనిమిది వారాల డబ్బు ఇచ్చేయడం. మొత్తం 1,47,200 రూపాయలు. చేతిలోని 60,000 పోగా ఇంకా 87,200 రూపాయలకు బంగారం తాకట్టుకు వెళుతుంది. మీ మనసు ఆ రోజుకు తేలికపడుతుంది, ఎవరూ వేలెత్తి చూపరు. కాని దాని వెనుక ఒక మాట స్థిరపడిపోతుంది: ఈ పొలంలో నష్టం పూర్తిగా రైతుదే. అలా స్థిరపడ్డాక వచ్చే ఏడాది సంచి 400 రూపాయలకు ఇవ్వడం మీకు సాధ్యం కాదు, ఎందుకంటే ఆ ధరలో వరదకు చోటు లేదు. మానేసే ఆలోచనే బలంగా ఉంటే, నగరంలో తలెత్తుకుని తిరగాలన్నదే మీకు ముఖ్యమైతే, ఈ దారి మీకు సరిపోతుంది. అందులో తప్పు లేదు.

మూడో దారి, డబ్బుకు బదులు వారాలు ఇవ్వడం. సీజన్‌ను ఫిబ్రవరి 8న ఆపకుండా, ఫిబ్రవరి 15 నుంచి మార్చి 29 వరకు పొడిగిస్తే ఏడు శనివారాలు వస్తాయి. మార్చి 30 ఉగాది కనుక మీ కౌలు గడువులోనే పూర్తవుతుంది. ఎనిమిదో వారానికి 400 రూపాయలు అందరికీ ఇచ్చేయవచ్చు, అది 18,400. కూలీలకు, మోటారుకు, రవాణాకు వారానికి 5,500 అవుతోందని రాశారు కనుక ఏడు వారాలకు 38,500. రెండూ కలిపి 56,900, అంటే మీ 60,000లో ఇమిడిపోతుంది, కాని మిగిలేది మూడు వేలే. మోటారు కాలినా, ఒక కూలీ మానేసినా లెక్క తప్పుతుంది. పంట వైపు నుంచి మాత్రం ఈ దారికి బలం ఉంది. వంగ, టమాటా ఇంకా కాపులో ఉన్నాయి, చిక్కుడు ఫిబ్రవరి దాటే వరకు ఎంతో కొంత వస్తుంది. ఇప్పుడు వేసిన ఆకుకూరలు నెలలోపు, బెండ, దోస మార్చి మధ్యకు అందుతాయి. బెండ వేస్తే ఈసారి గట్ల వెంట రెండు మూడు వరుసలు జొన్న, చేలో పసుపు రంగు జిగురు అట్టలు తప్పనిసరిగా పెట్టండి. పల్లాకు తెగులును మోసేది తెల్లదోమే.

నేను మీ స్థానంలో ఉంటే రెండో దారిని, మూడో దారిని కలిపి, ఎంపికను సభ్యుల చేతికి ఇస్తాను. రథసప్తమి నాటికి అందరికీ ఒకే ఉత్తరం పంపండి. గ్రూపులో కాకుండా ప్రతి కుటుంబానికీ విడిగా పంపండి. అందులో సీజన్ లెక్క మొత్తం పెట్టండి: వచ్చింది 5,52,000, కౌలుకు, విత్తనానికి, కూలికి, రవాణాకు ఎంతెంత పోయింది, ఎంత మిగిలింది. ఆ తరువాత ఇలా అడగవచ్చు: "ఎనిమిది వారాలు మీకు సంచి పంపలేకపోయాము. ఏడు వారాలు అదనంగా పంపి, ఎనిమిదో వారానికి 400 రూపాయలు ఇస్తాము. కూరగాయలు వద్దు, డబ్బే కావాలంటే 3,200 రూపాయలు మార్చి నెలాఖరులోపు రెండు విడతల్లో ఇస్తాము. రెండూ వద్దని మీరు అనుకుంటే అదీ చెప్పండి. ఏది చెప్పినా మాకు సమ్మతమే." ఫిబ్రవరి 10 లోపు జవాబు కోరండి. జవాబు ఇవ్వనివారికి అదనపు వారాలే పంపుతామని కూడా రాయండి, లేకపోతే మౌనంగా ఉన్న 23 కుటుంబాల సంగతి తేలకుండానే ఉండిపోతుంది.

తొమ్మిది కుటుంబాలే డబ్బు కోరుకున్నాయనుకుందాం. వారికి 28,800, మిగిలిన 37 కుటుంబాలకు 400 చొప్పున 14,800, ఏడు వారాల ఖర్చు 38,500, మొత్తం 82,100. మీకు తక్కువ పడేది 22,100. తొమ్మిది సంచుల కూరగాయలు మిగులుతాయి కనుక అందులో కొంత అమ్మకంతో వస్తుంది. 87,200 అప్పుకూ 22,100 అప్పుకూ మధ్య ఉన్న తేడా మీ ఇంటికి చాలా పెద్దది. ఇరవై మంది డబ్బే కోరితే ఈ లెక్క మారుతుంది, అందుకే విడతల మాట ముందే రాయమంటున్నాను. ఎవరైనా "వచ్చే సీజన్‌లో సర్దుబాటు చేయండి" అంటే మాత్రం ఆచితూచి ఒప్పుకోండి. అది బాకీ తీరడం కాదు, బాకీ ముందుకు జరగడం. ముప్ఫై కుటుంబాలు అలా అంటే, వచ్చే జూన్‌లో 96,000 రూపాయలు రాకుండానే అంత విలువైన కూరగాయలు మీరు పండించి ఇవ్వవలసి వస్తుంది.

ఈ ఉత్తరం పంపడానికి ముందు రోజు మీ అక్క ఇంటికి వెళ్ళండి. ఫోనులో మాట్లాడవద్దు. ఆమె అడుగుతున్నది తన 3,200 రూపాయల కోసం కాదని నా నమ్మకం. లిఫ్టులో ఎదురైన ప్రతివారూ "మీ చెల్లెలి కూరగాయలు ఏమయ్యాయి?" అని అడుగుతుంటే, తను ఇచ్చిన మాటకు జవాబు చెప్పలేక ఆమె నలిగిపోయి ఉంటుంది. లెక్కల కాగితం ఆమెకు ముందు చూపించి, ఇకపై ఆ 15 కుటుంబాలతో నేరుగా మీరే మాట్లాడతారని, మధ్యలో ఆమె నిలబడనవసరం లేదని చెప్పండి. ఆ భారం దింపితే ఆమె స్వరం మారవచ్చు. మారకపోయినా, చుట్టరికం చూసి ఆమెకు అందరికంటే ముందుగా గాని, అందరికంటే ఎక్కువగా గాని ఇవ్వకండి.

మీ భర్త చెప్పిన మాట గురించి. రైతు బజారులో కొని, మన చేలో పండినట్టు పంపడం తప్పే, మీరు నిరాకరించడం సరైనదే. సభ్యులు డబ్బు ఇచ్చింది మందు కొట్టని కూర కోసం. ఆ ఒక్క నమ్మకం పోతే మీ దగ్గర అమ్మడానికి వేరే ఏమీ లేదు. కాని ఆయన మాటలో ఒక సగం నిజం ఉంది, దాన్ని కూడా మీరు కోపంలో తోసేశారు. సంచి పూర్తిగా ఆగిపోకూడదన్నది ఆ నిజం. ఇది మన కూర కాదని చెప్పి, ఎక్కడిదో చెప్పి పంపితే అందులో మోసం లేదు. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది, 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం చేయిస్తున్న ఆ సంస్థతో కలిసి పనిచేసే రైతులు మన చుట్టుపక్కల జిల్లాల్లో ఉన్నారు. వారిలో మెరక మీద, అంటే ఆగిరిపల్లి, నూజివీడు వైపు ఎర్రనేలల్లో కూరగాయలు వేసేవారు ఒకరిద్దరితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకుంటే, లంక మునిగిన వారం వారి కూర మీ సంచిలోకి రావచ్చు. "నువ్వన్నది ఆ రోజు నాకు తప్పుగా వినిపించింది, కాని అందులో ఉన్న సగాన్ని ఇలా చేద్దాం" అని ఆయనతో చెప్పి చూడండి. ఆ రైతులతో మాట్లాడే పని ఆయనకే అప్పగించండి.

వచ్చే ఏడాది చేయాలా వద్దా అన్నది మార్చి 29 వరకు నిర్ణయించకండి. అలసటలో తీసుకున్న నిర్ణయం ఎటు తీసుకున్నా బాధిస్తుంది. అయితే ఆలోచించడానికి కొన్ని వాస్తవాలు ముందు పెట్టుకోండి. కృష్ణ లంకల్లోకి 2009 అక్టోబరులో వరద వచ్చింది, 2019 ఆగస్టులో వచ్చింది, 2020 అక్టోబరులో వచ్చింది, 2024 సెప్టెంబరులో వచ్చింది. ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే విపత్తు అనుకుని ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వారం తప్పకుండా సంచి ఇస్తామని మాట ఇవ్వడం లంక రైతుకు తగదు. దీపావళి తరువాత మొదలుపెట్టి ఉగాది వరకు, సుమారు 20 వారాలు మాత్రమే సీజన్ నడిపితే ఒండ్రు నేల బలమంతా మీ వైపు ఉంటుంది. కాని ఏడాదిలో సగం ఆదాయం ఉండదు, ఇద్దరిలో ఒకరు వేరే సంపాదన చూసుకోవాలి. ఏడాది పొడవునా చేయాలనుకుంటే వానాకాలం వాటాను విడిగా, తక్కువ ధరకు, "ఈ వాటాలో వరద నష్టం మీదీ మాదీ సగం సగం" అని మొదటి వాక్యంలోనే రాసి, సంతకం తీసుకుని ఇవ్వండి. అప్పుడు 46 కుటుంబాలు రావు. ఇరవై వస్తాయేమో. ఆ ఇరవై కుటుంబాలతో నిద్రపోగలిగితే అది చిన్న సంగతి కాదు. వంగ, టమాటా ఒక్కసారే నాటకుండా మూడు వారాల తేడాతో మూడు విడతలుగా నాటితే జనవరిలో కూరలు ఒక్కసారే పొంగిపొర్లడం కూడా కొంత తగ్గుతుంది.

కౌలు విషయంలో యజమాని పెంపు గురించి మాట్లాడేటప్పుడు, పంట సాగుదారు హక్కుల కార్డుకు సంతకం పెడతారా అని కూడా అడగండి. 2019 చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే ఆ కార్డు 11 నెలలే చెల్లుతుంది, దానివల్ల భూమి మీద హక్కు ఏదీ పోదు. చాలామంది యజమానులు ఆ భయంతోనే వెనకాడతారు. కార్డు ఉండి, రైతు సేవా కేంద్రంలో ఈ-పంట (ఏ చేలో ఎవరు ఏ పంట వేశారన్న ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితా) నమోదు జరిగి ఉంటే, 33 శాతానికి మించి పంట పోయినప్పుడు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ మీ పేరున అడగవచ్చు. అవి లేకపోతే అది యజమాని పేరున పోవచ్చు. మీ భూమి పట్టా భూమో, సొసైటీ (సహకార సంఘం) కింద ఉన్న లంక భూమో ఉత్తరంలో రాయలేదు. సొసైటీ భూమి అయితే కార్డు సంగతి మండల వ్యవసాయాధికారిని ముందుగా అడిగి తెలుసుకోండి. సెప్టెంబరు నష్టాల జాబితాలో ఆ సర్వే నంబరు ఎవరి పేరున ఎక్కిందో కూడా వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్ళినప్పుడే చూడండి. సొమ్ము యజమాని ఖాతాలో పడి ఉంటే, కౌలు పెంపు గురించి ఆయనతో మాట్లాడవలసిన తీరు వేరుగా ఉంటుంది.